ఇంట్లో స్విమ్మింగ్ పూల్ పూడ్పించాలి, ఎంతవుతుంది? (విజయనగరం)

చంపావతి_గట్టు
అందరికీ నమస్కారం. మాది విజయనగరం, నెల్లిమర్ల రోడ్డు వైపు. ఆరేళ్ళ క్రితం అన్నయ్య అమెరికా నుంచి వచ్చి ఇల్లు కట్టించినప్పుడు పిల్లల కోసమని పెరట్లో ఒక పూల్ కూడా కట్టించాడు. పొడవు 26 అడుగులు, వెడల్పు 13. ఒక వైపు లోతు 3 అడుగులు, రెండో వైపు 6. మొదటి రెండు వేసవులూ బాగానే వాడాం. తర్వాత వాళ్ళ రాక తగ్గింది. ఫిల్టరు నడపడం, క్లోరిన్ వెయ్యడం నా ఒక్కడి వల్ల కాలేదు. ఇప్పుడందులో నాచు, కప్పలు, సాయంత్రమైతే దోమలు.

పోయిన నెల మా చెల్లెలి కొడుకు, మూడేళ్ళవాడు, ఇంట్లో కనబడలేదు. అమ్మ ముందు పెరట్లోకే పరుగెత్తింది. వాడి చెప్పు ఒకటి నీళ్ళ మీద తేలుతోంది. వాడు మేడమెట్ల కింద దాక్కున్నాడు, చెప్పు ఆటకి విసిరేశాడంతే. కానీ వాడు దొరికేదాకా అమ్మ ఎలా ఉందో నేను చూశాను. ఆ రోజు నుంచీ రాత్రిపూట లేచి పెరటి తలుపు గొళ్ళెం చూసుకుంటోంది. పూడ్పించేద్దామంటే అన్నయ్య కూడా మారు మాట్లాడకుండా సరేనన్నాడు.

ఒక కాంట్రాక్టరు వచ్చి కాంక్రీటంతా తవ్వి తీసి మట్టి నింపడానికి 1,40,000 అడిగాడు. ఇంకొకాయన ఏదీ పగలగొట్టక్కర్లేదు, మట్టి తోలేస్తే 20 వేలతో అయిపోతుందంటున్నాడు. ఇంత తేడా ఎందుకు? చేయించినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఆమదాలవలస_అక్క
20 వేల ఆయన మాట వినకు బాబూ. మేం విని అనుభవించాం. మాది చిన్న పూలే, మా మరిదిగారు కట్టించినది. ఒక మేస్త్రి వచ్చి రెండ్రోజుల్లో నింపేశాడు. మేం దగ్గరుండి చూసుకోలేదు. పాత ఇల్లు పడగొట్టిన చెత్తంతా, చెక్కపేళ్ళు, సిమెంటు సంచులతో సహా, అడుగున వేసి పైన రెండడుగులు ఎర్రమట్టి పరిచాడు. చూడ్డానికి శుభ్రంగా ఉంది, డబ్బులిచ్చేశాం.

మొదటి వానాకాలానికి అక్కడ కాలు పెడితే బురదలో దిగబడేది. పక్కన పెరడంతా ఆరిపోయినా అక్కడ మాత్రం వారం వారం తడే. రెండో ఏడు మధ్యలో అడుగు లోతు కుంగింది. దాని మీద వేసుకున్న చాకిరేవు బండ ఒక పక్కకి ఒరిగిపోయింది. మళ్ళీ జేసీబీ పెట్టి పైదంతా తీయించి, అడుగున కన్నాలు పెట్టించి, కొత్త గ్రావెల్ (గులకరాళ్ళు కలిసిన మట్టి) తోలించాం. మొదటిసారి అయినదానికి రెట్టింపు పైగా అయింది.

పాత_ఓవర్సీర్
అక్కగారు చెప్పిన దానిలోనే జవాబుంది. పూల్ అంటే నీళ్ళు పోకుండా కట్టిన తొట్టి. అడుగు పగలగొట్టకుండా మట్టి నింపితే మీరు చేసింది ఒక పెద్ద పూలకుండీ, అదీ కింద కన్నం లేని కుండీ. పడిన వానంతా అందులోనే ఉండిపోతుంది. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మట్టి నానుతుంది, కుంగుతుంది, గోడ పక్కనుంచి నీరు ఇంటి పునాది వైపు వెళ్ళే ప్రమాదం కూడా ఉంది.

అలాగని లక్షా నలభై వేలు పెట్టి మొత్తం తవ్వి తియ్యనక్కర్లేదు, ఆ చోట మళ్ళీ గది కట్టే ఆలోచన ఉంటే తప్ప. మధ్యరకం పని ఒకటుంది. తొట్టి నేల మీద, ముఖ్యంగా లోతు వైపు, ఒక్కొక్కటి అడుగు వెడల్పున ఏడెనిమిది కన్నాలు బ్రేకరుతో కింద మట్టి కనబడేదాకా కొట్టించండి. చుట్టూ గోడలు పైనుంచి రెండడుగులు పగలగొట్టించండి. ఆ ముక్కలు తొట్టి అడుగునే వేసుకోవచ్చు, ఊచలు మాత్రం కోసి తియ్యాలి. దాని మీద 40 ఎం.ఎం. కంకర, కంకర మీద నీటిని పోనిచ్చి మట్టిని ఆపే జియో టెక్స్‌టైల్ గుడ్డ, ఆపైన గ్రావెల్. గుడ్డ లేకపోతే మట్టి నెమ్మదిగా కంకర సందుల్లోకి జారి పైన గుంటలు పడతాయి.

ఇక అసలు సంగతి దిమ్మిస, అంటే మట్టిని కొట్టి గట్టిపరచడం. గ్రావెల్ ఒక్కసారిగా పొయ్యకూడదు. 9 అంగుళాలు పరచాలి, తడపాలి, ర్యామరుతో కొట్టాలి, ఆ తర్వాతే ఇంకో పొర. మేస్త్రీలు ఎగ్గొట్టేది ఇక్కడే, ఎందుకంటే పూడ్చేశాక ఎవరికీ కనబడదు. మీరు కుర్చీ వేసుకుని కూర్చోండి.

మీ కొలతల ప్రకారం సగటు లోతు నాలుగున్నర అడుగులు, అంటే సుమారు 1,520 ఘనపుటడుగులు. ట్రాక్టరు తొట్టికి 100 అనుకుంటే 15 ట్రిప్పులు. దిమ్మిస కొడితే వదులు మట్టి అయిదో వంతు తగ్గిపోతుంది కాబట్టి 19 దాకా. గోడల ముక్కలు, కంకర కొంత చోటు తింటాయి, పైన కొద్దిగా గుట్టలా రావాలి. మొత్తమ్మీద 18 అనుకోండి.

ఒక్క ప్రశ్న. పూల్ గోడకీ ఇంటి పునాదికీ ఎంత దూరం?

చంపావతి_గట్టు
గురువుగారూ, చాలా ఉపయోగపడింది. వంటగది గోడకి ఆరడుగులు ఉంటుంది.

పాత_ఓవర్సీర్
అయితే ఆ వైపు గోడని కింద దాకా కదపనివ్వకండి. అది ఇప్పుడు వంటగది కింది మట్టిని జారకుండా పట్టుకుని ఉంది. పై రెండడుగులు కూడా ఆ వైపు చిన్న బ్రేకరుతో, చేత్తో కొట్టించండి. మొత్తం తవ్వేస్తానన్న కాంట్రాక్టరు ఈ మాట అడిగాడా?

చంపావతి_గట్టు
అడగలేదండి.

కళింగపట్నం_కుర్రోడు
అన్నయ్యా, నీళ్ళు ఎప్పుడు తోడిస్తున్నావు? వానాకాలంలో మాత్రం వద్దు. మాకు తెలిసినవాళ్ళ గెస్ట్‌హౌస్ సముద్రానికి దగ్గర, ఇసుక నేల. ఆగస్టులో పూల్ కడగాలని మొత్తం నీళ్ళు తోడేశారు. ఆ రాత్రి గట్టి వాన. తెల్లారి చూస్తే తొట్టి ఒక చివర జానెడు పైకి లేచి ఉంది. టైల్సు వరసగా పగిలిపోయాయి, పైపులు విరిగిపోయాయి. కింద భూమిలో నీరు పెరిగితే ఖాళీ తొట్టి పడవలాగ తేలుతుందట. లోపలి నీళ్ళ బరువే దాన్ని కిందకి పట్టి ఉంచేది.

పాత_ఓవర్సీర్
నిజం. అందుకే ఈ పని మార్చి నుంచి మే లోపల ముగించుకోవాలి. నీళ్ళు తోడిన రోజే, లేదా మర్నాడే, అడుగున కన్నాలు కొట్టించాలి. కన్నం పడితే ఇక తేలదు. తోడి వదిలేసి పెళ్ళికి వెళ్ళొస్తామంటే కుదరదు.

రాజాం_రైతు
నీళ్ళెక్కడికి పంపిస్తారు? 43 వేల లీటర్ల పైమాటే. ఈ మధ్య క్లోరిన్ వేసి ఉంటే వెంటనే మడిలోకి, చెరువులోకి వదలకండి. చేపలు చచ్చిపోతాయి. వెయ్యడం మానేసి వారం ఎండకి వదిలితే చాలావరకు ఎగిరిపోతుంది.

పగలగొట్టిన కాంక్రీటు మిగిలితే గెడ్డలో (వాగులో) పారబోయించకండి, దండం పెడతాను. మా పొలం దగ్గర గెడ్డలో ఎవరో రెండు ట్రాక్టర్లు ఇలాగే పోశారు. తర్వాత వానకి నీరు దారి మారి మా మడి గట్టు తెగింది. నాట్లు వేసి పది రోజులు కాలేదు.

చీపురుపల్లి_నుయ్యి
పూల్ సంగతి నాకు తెలీదుగానీ మా తాతగారి నాటి నుయ్యి పూడ్పించాలని ఇలాగే అందర్నీ అడిగాను. ఆరడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల లోతు. మట్టి తొమ్మిదీ పది ట్రాక్టర్లకి మించి పట్టదు, ఖర్చు పెద్దదేమీ కాదు. మామ్మ ఒప్పుకోలేదు. “ఆ నీళ్ళతోనే మీ నాన్నకి తొలి స్నానం పోశాను” అంది. ఇంకేమంటాం. పూడ్చడం మానేసి, పైన ఇనుప చట్రం బిగించి తాళం వేశాం. మేడ మీది వాన నీళ్ళు పైపుతో తెచ్చి, కంకర, ఇసుక వేసిన గుంటలో వడకట్టి నూతిలోకి పంపిస్తున్నాం. రెండేళ్ళయ్యేసరికి వేసవిలో మా బోరు ఆగకుండా పోస్తోంది.

అందుకే అడుగుతున్నా, పూల్‌ని వాన నీళ్ళ తొట్టిగా మార్చకూడదా? మేడ 1,400 చదరపు అడుగులున్నా ఏడాదికి లక్ష లీటర్ల పైనే దిగుతుంది. మీ పూల్ రెండుసార్లు నిండుతుంది.

పాత నూతుల గురించి ఒక్క మాట, ఎవరైనా చదువుతారని. పూడ్చేముందు శుభ్రం చేద్దామని మనిషిని దించకండి. వాడకం లేని నూతిలో అడుగున ఊపిరాడే గాలి ఉండకపోవచ్చు, విషవాయువు నిలిచి ఉండొచ్చు. ఒకడు పడిపోతే తీయడానికి దిగిన రెండోవాడూ పోతాడు.

చంపావతి_గట్టు
ఆలోచించాను అన్నయ్యా. మనసుకి నచ్చింది కూడా. కానీ 13 అడుగుల వెడల్పుకి పైన స్లాబు వెయ్యాలంటే దూలాలు పెట్టాలి, దానికయ్యే ఖర్చు పూడ్పించినదానికన్నా చాలా ఎక్కువ. రెండోది, స్లాబు ఉన్నా దానికొక మూత ఉంటుంది కదా, అమ్మ రాత్రి లేచి ఆ మూత చూసుకుంటుంది. అందుకని పూల్ పూడ్చేసి, మేడ నీళ్ళకి వేరేగా ఒక ఇంకుడు గుంత తవ్విద్దామనుకుంటున్నాను.

బొబ్బిలి_ఎలక్ట్రీషియన్
కరెంటు గురించి ఎవరూ చెప్పలేదు. పూల్ లైట్ల వైరు, పంపు వైరు మెయిన్ బోర్డు దగ్గరే విప్పించండి. పూల్ దగ్గర కోసేసి టేపు చుట్టి పూడ్చేస్తారు కొందరు. ఏడాది తర్వాత అరటి పిలక నాటడానికి గునపం దించితే ఆ వైరు తగులుతుంది. పంపు, ఫిల్టరు పనిచేస్తుంటే పారెయ్యకండి, విశాఖలో పాతవి కొనేవాళ్ళున్నారు.

గరివిడి_7
గ్రావెల్ బదులు క్రషర్ డస్ట్ (కంకర మిల్లు రాతిపొడి) వెయ్యకూడదా? చెరువు మట్టి అయితే మాకు ఊరికే దొరుకుతుంది.

పాత_ఓవర్సీర్
డస్ట్ బాగా బిగుస్తుంది, వెయ్యొచ్చు, ధర చూసుకోండి. చెరువు మట్టి కింద వద్దు. అది వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. పై అడుగున్నరకి మాత్రం అదే మేలు, మొక్కలు బాగా వస్తాయి.

చంపావతి_గట్టు
మూడు నెలల తర్వాత రాస్తున్నాను. ఏప్రిల్‌లో పని అయిపోయింది. అడిగినప్పుడు ఇంతమంది చెప్పారు కాబట్టి లెక్కంతా ఇక్కడ పెడుతున్నాను.

నీళ్ళు మా మోటారుతోనే రెండ్రోజులు తోడి పక్కవాళ్ళ మామిడితోటకి పెట్టాం. నీళ్ళు దిగుతుంటే అడుగున నీలం టైల్సు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. అన్నయ్య కూతురు ఎప్పుడో పోగొట్టుకున్న కాలి పట్టీ నాచులో దొరికింది. అమ్మ దాన్ని చింతపండుతో తోమి దాచింది.

బ్రేకరున్న జేసీబీకి గంటకి 1,600, అయిదు గంటలు పట్టింది, 8,000. ఎనిమిది కన్నాలు కొట్టించాం. కన్నాల్లో ఒక బిందెడు నీళ్ళు పోసి ఇంకుతున్నాయో లేదో చూశాను, రెండు కన్నాలు సరిగా ఇంకలేదు, మళ్ళీ లోతుగా కొట్టించాను. కంకర ఒక ట్రాక్టరు, గుడ్డతో కలిపి 3,500. గ్రావెల్ 14 ట్రిప్పులు, ట్రిప్పుకి 1,100 చొప్పున 15,400. పైకి చెరువు మట్టి 4 ట్రిప్పులు, 2,800. నలుగురు కూలీలు మూడు రోజులు, మనిషికి 700, అంటే 8,400. ర్యామరు అద్దె రెండ్రోజులకి 2,400. ఎలక్ట్రీషియన్‌కీ ప్లంబరుకీ కలిపి 2,000. మొత్తం 42,500. పంపు, ఫిల్టరు అమ్మితే 9,000 వచ్చింది. చేతి నుంచి పడింది 33,500.

రెండో రోజు మధ్యాహ్నం నేను భోజనానికి లోపలికెళ్ళి వచ్చేసరికి మూడు ట్రిప్పులు ఒకేసారి పోసేసి పైపైన కొడుతున్నారు. ఓవర్సీర్ గారి మాట గుర్తొచ్చి, పార తీసుకుని నేనే దిగాను, సగం పక్కకి లాగించి పొరలుగా మళ్ళీ వేయించాను. కూలీలు విసుక్కున్నారు. ఆ సాయంత్రం వాళ్ళకి అదనంగా టీ, టిఫిను పెట్టించాను, పని మాత్రం వదల్లేదు.

ఆమదాలవలస_అక్క
మంచిపని చేశావు బాబూ. వానలు పడ్డాక ఎలా ఉందో రాయి.

చంపావతి_గట్టు
అక్కా, పోయిన వారం మూడు రోజులు ముసురు పట్టింది. నీళ్ళెక్కడా నిలవలేదు. పూల్‌లోకి దిగే మెట్లు ఉన్న మూల మాత్రం రెండంగుళాలు దిగింది. అక్కడ ర్యామరు సరిగా పట్టలేదు, మూల ఇరుకు. ఓవర్సీర్ గారూ, ఇప్పుడే మట్టి పొయ్యనా?

పాత_ఓవర్సీర్
ఇప్పుడు వద్దు. ఈ వానాకాలం, తుఫాన్లూ వెళ్ళనివ్వండి. ఎంత దిగాలో అంతా దిగుతుంది. సంక్రాంతికి ముందు ఒక ట్రాక్టరు మట్టితో సరిచెయ్యండి. పెద్ద చెట్లు మాత్రం పెట్టకండి, కింద కాంక్రీటు ఉంది, వేరు దిగదు. ఎప్పుడైనా ఇల్లు అమ్మితే కొనేవాళ్ళకి ఈ చోటు గురించి చెప్పండి, ఫొటోలు దాచి ఉంచండి.

చంపావతి_గట్టు
అలాగేనండి, ఫొటోలు ఉన్నాయి. అమ్మ అప్పుడే ఒక వైపు కనకాంబరాలు, ఒక వైపు తోటకూర వేసేసింది. మేనల్లుడు దసరాకి వస్తున్నాడు.