మోకాలి మార్పిడి తర్వాత ఇంటి దగ్గర తొలి వారాలు: మీ అనుభవాలు చెప్పగలరు

తెనాలి అమ్మాయి:
మా అమ్మగారి వయసు 68. కుడి మోకాలికి పూర్తి మార్పిడి శస్త్రచికిత్స జరిగి నేటికి 11 రోజులైంది. వాకర్ పట్టుకొని వరండా వరకు నడుస్తున్నారు గాని, పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు లేనిదే ఓర్చుకోలేకపోతున్నారు. రాత్రుళ్లు నిద్ర లేదు, వ్యాయామం అనగానే కళ్ల నీళ్లు పెట్టుకుంటున్నారు. పైగా చీము పడుతుందని బంధువులు పప్పు, గుడ్డు, వంకాయ మాన్పించారు. ఈ దశ దాటినవారు ఏం చేశారో దయచేసి వివరంగా రాయండి.

విజయనగరం మాస్టారు:
అమ్మా, ముందు ఆ దిండు తీయించండి. నాకు రెండు మోకాళ్లూ ఏడాది తేడాతో మార్చారు. మొదటిసారి నేనూ దిండు పెట్టుకునే పడుకున్నాను. కాలు కాస్త వంగి ఉంటే హాయిగా ఉంటుంది కనుక ఆ వంపే అలవాటైపోయి, మళ్లీ పూర్తిగా చాపడానికి నాకు మూడు నెలలు పట్టింది. కాలు తిన్నగా చాపలేకపోతే నడకలో కుంటు మిగిలిపోతుంది, నాలుగడుగులకే తొడ అలసిపోతుంది. రెండోసారి ఫిజియోథెరపిస్టు చెప్పినట్లు చుట్టిన తువ్వాలును మడమ కింద ఉంచి, మోకాలి కింద ఏ ఆధారమూ లేకుండా, రోజుకు నాలుగైదుసార్లు ఐదు నిమిషాలతో మొదలుపెట్టి పది నిమిషాల దాకా పెంచుకుంటూ వెళ్లాను. చూడవచ్చినవారందరూ ఎంత వంగుతోందని అడుగుతారు, ఎంత చాపగలుగుతున్నారని ఎవరూ అడగరు. అమ్మగారు మంచం మీద కాళ్లు చాపి పడుకున్నప్పుడు మోకాలికీ పరుపుకీ మధ్య మీ వేళ్లు ఎన్ని దూరుతున్నాయో చూసి, రోజూ రాసిపెట్టుకోండి.

వరంగల్ కోడలు:
నొప్పి అదుపులో లేకుండా వ్యాయామం చేయించడం ఎవరి వల్లా కాదు. మాత్రలు ఎక్కువైతే మూత్రపిండాలు పాడవుతాయన్న భయంతో మా అత్తగారు మాకు తెలియకుండా వాటిని మానేశారు. దానితో వారం రోజులు కాలు కదపనే లేదు. విషయం తెలిశాక డాక్టరుగారితో మాట్లాడితే, ఆవిడ వయసుకూ షుగరుకూ సరిపడే మందు మార్చి రాసి, వ్యాయామానికి అరగంట ముందు ఇవ్వమన్నారు. వ్యాయామం కాగానే ఐసు ముక్కలను తువ్వాలులో చుట్టి పావుగంట పెట్టేవాళ్లం. మడమను పరుపు మీద ముందుకూ వెనక్కూ జరిపే వ్యాయామానికి కింద ప్లాస్టిక్ కవరు పరిస్తే కాలు తేలిగ్గా జారుతుంది.

పథ్యం మాటకు వస్తే, గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి గనుక పప్పు, గుడ్డు, పెరుగు తప్పక పెట్టమని మా డాక్టరుగారు గట్టిగా చెప్పారు. నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం రావచ్చు, ఆకుకూరలూ నీళ్లూ తగ్గించకండి. కుట్ల మీద పసుపు గాని నూనె గాని ఎవరినీ రాయనివ్వకండి.

తెనాలి అమ్మాయి:
మాస్టారూ, వదినగారూ, ఎంతో ధన్యవాదాలు. మా ఇంట్లో ఉన్నది నేల మరుగుదొడ్డి. పైగా మోకాలు తాకితే వెచ్చగా ఉంది, కుట్లకు బయటివైపు చర్మానికి స్పర్శ తెలియడం లేదంటున్నారు. ఇది కంగారుపడవలసిన విషయమా?

ఖమ్మం తమ్ముడు:
నేల మరుగుదొడ్డి మీద అమ్మగారిని కూర్చోనివ్వకండి అక్కా. మధ్యలో రంధ్రమున్న కమోడ్ కుర్చీ మందుల దుకాణాల్లో దొరుకుతుంది, దాన్నే పైన వేసుకోవచ్చు. మెట్లుంటే ఎక్కేటప్పుడు మంచి కాలు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు వేయాలి. వెచ్చదనం కొన్ని నెలల పాటు ఉండవచ్చని, కుట్ల పక్కన తిమ్మిరి చాలామందికి ఉంటుందని మా నాన్నగారి విషయంలో చెప్పారు. అయితే ఎరుపు పెరుగుతున్నా, కుట్లలోంచి రసి కారుతున్నా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టరుకు చూపించండి.

పిక్క గురించి మాత్రం ప్రత్యేకంగా రాస్తున్నాను. మా నాన్నగారికి 14వ రోజున పిక్క వాచి, నొక్కితే నొప్పి పుట్టింది. ఆపరేషన్ అయిన కాలికి వాపు మామూలేనని మేము రెండు రోజులు ఊరుకున్నాం. స్కాన్ తీస్తే సిరలో రక్తం గడ్డకట్టిందని తేలింది. సమయానికి మందులు పడ్డాయి గనుక గండం తప్పింది గాని, ఆ రెండు రోజులు ఆగినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు, మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పాదాలను పైకీ కిందికీ ఆడించాలి. ఆయాసం గాని ఛాతీ నొప్పి గాని వస్తే అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

తెనాలి అమ్మాయి:
వారం తర్వాత రాస్తున్నాను. కుట్లు విప్పారు, గాయం శుభ్రంగా మానిందన్నారు. తమ్ముడు చెప్పినట్లు పిక్కను రోజూ ఉదయం, సాయంత్రం చూస్తున్నాను, వాపు లేదు. మాత్ర వేసిన అరగంటకు వ్యాయామం మొదలుపెడుతున్నాం. అమ్మ ఇప్పుడు ఏడవడం లేదు, రాత్రి ఏకబిగిన నాలుగు గంటలు నిద్రపోతున్నారు. దిండు తీసిన రోజు మోకాలి కింద నా నాలుగు వేళ్లూ దూరాయి మాస్టారూ. ఈ ఉదయం రెండే పట్టాయి.