చిన్నపిల్లలతో శనాదివారాల్లో సింగపూర్: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

కోనసీమ_అమ్మ (అమలాపురం)
మాకు నాలుగేళ్ల పాప, ఏడాదిన్నర బాబు. మావారికి సెలవులు దొరకడం కష్టం. శుక్రవారం రాత్రి వైజాగ్ నుంచి బయల్దేరి, సోమవారం తెల్లారేసరికి ఇంట్లో ఉండేలా సింగపూర్ అనుకుంటున్నాం. విమానం నాలుగు గంటలేనట. మా అత్తయ్యగారేమో "పసిపిల్లల్ని రెండ్రోజుల కోసం అంత దూరం తిప్పుతారా" అంటున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. పిల్లలతో వెళ్లినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

భీమవరం_నాన్న
నిశ్చింతగా వెళ్లండమ్మా. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. ఉన్న రెండ్రోజులకీ పిల్లల్ని ఆ టైముకి మార్చాలని చూడకండి, మన టైములోనే ఉంచేయండి. మాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే.

లెక్క చూడండి. బాబు ఇంట్లో ఒంటిగంటకి పడుకుంటాడనుకుందాం. అక్కడ మూడున్నర. ఆ వేళకి హోటల్ గదిలో ఉండండి, ఎక్కడున్నా సరే వచ్చేయండి. ఎండ, వాన రెండూ తప్పుతాయి, అక్కడ వాన ఎక్కువగా మధ్యాహ్నాలే పడుతుంది. నిద్ర లేచాక గార్డెన్స్ బై ద బే అనే పెద్ద పార్కుకి వెళ్తే రాత్రి 7.45కి సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాలు) లైట్ల షో ఉంటుంది, టికెట్ లేదు. అంత రాత్రప్పుడా అనుకోకండి. పిల్లల ఒంటికి అది సాయంత్రం అయిదుంపావు, మంచి హుషారు మీదుంటారు. 8.45కి ఇంకోసారి వేస్తారు గానీ మొదటిదే చూసి వచ్చేయండి. ఓ పాత దుప్పటి పట్టుకెళ్లండి. అక్కడ చాలామంది నేల మీదే వెల్లకిలా పడుకుని చూస్తారు. పెద్ద చెట్లు 50 మీటర్ల ఎత్తుంటాయి, కూర్చుని చూస్తే పిల్లలకి మెడ నొప్పి. మా పాప పడుకుని, రంగు మారినప్పుడల్లా వేలు చూపిస్తూ పేరు చెప్పింది.

ఇక ఊరంతా చూసేయాలన్న ఆశ పెట్టుకోవద్దు. పూటకి ఒక్క చోటు చాలు.

కాకినాడ_కోడలు
అన్నయ్యగారి టైము లెక్కకి ఒప్పుకుంటాను. కానీ మొదటి రోజు అది కుదరదండి. రాత్రి విమానమెక్కితే తెల్లవారుజామున దింపుతారు. హోటళ్లలో గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు, మూడింటికి. నిద్ర చాలని పిల్లల్ని పెట్టుకుని అంతసేపు ఎక్కడ కూర్చుంటాం? మేం శుక్రవారం రాత్రికి కూడా గది బుక్ చేసుకుని, తెల్లారి వస్తామని ముందే మెయిల్ పెట్టాం. దిగగానే వెళ్లి పదింటిదాకా పడుకున్నాం. ఒక రాత్రి డబ్బు అదనమే, అయినా డబ్బు తగ్గించుకోవాలంటే ఇంకెక్కడైనా తగ్గించుకోండి, ఇక్కడ వద్దు. ఛాంగీ ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న జ్యువెల్ మాల్‌లో జలపాతం తిరిగొచ్చేటప్పుడు చూడండి. తెల్లవారుజామున నీళ్లు వదలరు.

పాలకొల్లు_పెద్దమ్మ
మా అమ్మాయివాళ్లతో నేనూ వెళ్లొచ్చాను. మీ అత్తగారు రాగలిగితే తీసుకెళ్లమ్మా. ఒకరు గదిలో చంటాడి దగ్గరుంటే పెద్దదాన్ని బయట తిప్పచ్చు.

తిండి గురించి బెంగ వద్దు. లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు మీద కోమల విలాస్ ఉంది, 1947 నాటిది, పూర్తి శాకాహారం. ఇడ్లీ, పెరుగన్నం దొరికితే పిల్లలకి ఇంకేం కావాలి. ఇంటి నుంచి పట్టుకెళ్లేవాటితోనే జాగ్రత్త. మనవాళ్లు మాంసం పచ్చడి సీసాలు సర్దేస్తారు. అక్కడ అనుమతి ఉన్న దేశాల మాంసాన్నే రానిస్తారు, కాబట్టి వద్దు. గసగసాలు అసలే వద్దు, అక్కడ నిషేధం. ఇంట్లో కొట్టుకున్న మసాలా పొడిలో కూడా కలిసుంటాయి, చూసుకోండి. బబుల్‌గమ్ కూడా తీసేయండి.

రాజోలు_నర్సు
విమానం దిగేటప్పుడు పసివాళ్లకి చెవి నొప్పి వస్తుంది. అప్పుడు పాలు పట్టండి, మింగుతుంటే చెవి గాలి సర్దుకుంటుంది. అందుకని ఎక్కగానే సీసా ఖాళీ చేయించకండి. జ్వరం మందు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచుకోండి. కోడీన్ (ఒక రకం మత్తుమందు) ఉన్న దగ్గు సిరప్‌కి అక్కడ ఆంక్షలున్నాయి, ఇంట్లోనే వదిలేయండి.

రావులపాలెం_టు_సింగపూర్
నేను ఇక్కడే ఉంటానండి. తిరగడం గురించి చెప్తాను. మెట్రోలో 0.9 మీటర్ల లోపు పిల్లలకి పెద్దవాళ్ల తోడుంటే టికెట్ లేదు. స్ట్రోలర్ మడవకుండానే ఎక్కించచ్చు. రైల్లో, స్టేషన్లో తినడం, తాగడం నిషేధం, జరిమానా 500 డాలర్ల దాకా ఉంది. బాబుకి పాలు లోపలికి వెళ్లకముందే పట్టేయండి. 1.35 మీటర్ల లోపు పిల్లలకి కార్లో చైల్డ్ సీటు ఉండాలి. మామూలు టాక్సీలకి మినహాయింపు ఉంది, యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లకి లేదు. పిల్లలున్నారని చూసి ఎక్కించుకోకుండా వెళ్లిపోతే తిట్టుకోకండి, అది చట్టం.

ఏడాదిన్నర వాడికి జూ కంటే నీళ్లాట మేలు. గార్డెన్స్ బై ద బేలోనే చిల్డ్రన్స్ గార్డెన్ ఉంది, ఉచితం. పిల్లలు దగ్గరికొస్తే నీళ్లు చిమ్ముతాయి. రెండు జతల బట్టలు, తువ్వాలు పట్టుకెళ్లండి. సోమవారం సెలవు, మీకు ఇబ్బంది లేదు.

భీమవరం_నాన్న
నాలుగేళ్ల పాపకి మాత్రం జూ చూపించాల్సిందేనండి. ఒరాంగుటాన్‌లు తల మీద తాళ్లు పట్టుకుని వెళ్తుంటే నోరు తెరుచుకుని చూస్తారు. పొద్దున 8.30కే తెరుస్తారు, ఎండెక్కేలోపు వచ్చేయచ్చు.

రావులపాలెం_టు_సింగపూర్
నిజమే, కానీ జూ ఉన్న మండాయ్ ఊరికి ఆ చివర. ఆదివారం సాయంత్రం విమానమైతే, ఆ రోజు జూకి వెళ్తే పిల్లలకి మధ్యాహ్నం నిద్ర తప్పిపోతుంది. శనివారం జూ, ఆదివారం నీళ్లాట పెట్టుకుంటే ఇద్దరికీ న్యాయం చేసినట్టు.

కోనసీమ_అమ్మ
అందరికీ చాలా థాంక్సండి. శనివారం పదింటిదాకా నిద్ర, తర్వాత జూ, ఆదివారం నీళ్లాట, అలాగే వేసుకుంటాం. బాబుకి ఇంకా పాస్‌పోర్టు లేదు, ఎక్కడ చేయించాలి?

కాకినాడ_కోడలు
భీమవరంలో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. నాలుగేళ్ల లోపు వాళ్లకి అక్కడ ఫొటో తీయరు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో మీరే తీయించి పట్టుకెళ్లాలి. అనుబంధం-డి (Annexure D) అనే అంగీకార పత్రం మీద తల్లిదండ్రులిద్దరి సంతకాలూ ఉండాలి. ఎనిమిదేళ్ల లోపు కాబట్టి ఫీజులో 10 శాతం తగ్గిస్తారు, అయిదేళ్లు చెల్లుతుంది. ముందు బర్త్ సర్టిఫికెట్ తీసి బాబు ఇంటిపేరు, మీ ఇద్దరి పేర్ల స్పెల్లింగ్ మీ పాస్‌పోర్టులతో సరిపోయాయో లేదో చూసుకో చెల్లీ. తేడా ఉంటే మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరగాల్సొస్తుంది, కాబట్టి టికెట్లు కొనేముందే ఆ పని చూడు. వీసా బాబుకీ విడిగా కావాలి, ఏజెంటు ద్వారా వేయచ్చు. ప్రయాణానికి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్లో నింపే అరైవల్ కార్డు మాత్రం ఉచితం, దానికి ఎవరైనా డబ్బడిగితే ఇవ్వొద్దు.