అమ్మమ్మ పాటల క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

ప్రశ్న: మా అమ్మమ్మ పాడిన మంగళహారతులు, దంపుళ్ల పాటలు క్యాసెట్లలో ఉన్నాయి. టేప్ డెక్కు పాత స్టీరియో ఆంప్లిఫయర్‌కు కలిపి ఉంది. స్పీకర్ తీగల నుంచి లాప్‌టాప్‌కు కలపవచ్చా? ఆ గొంతు చెడకుండా దక్కాలి.

జవాబు: స్పీకర్ తీగలు వద్దండి, లాప్‌టాప్ కాలిపోవచ్చు. ఆంప్లిఫయర్ వెనుక ‘టేప్ అవుట్’ లేదా ‘రెక్ అవుట్’ సాకెట్లు చూడండి. ధ్వని అక్కడికి వాల్యూమ్, బాస్, ట్రెబుల్ మీటలకన్నా ముందే చేరుతుంది. అర్ధరాత్రి స్పీకర్లు పూర్తిగా తగ్గించినా రికార్డింగు మారదు.

మరొకరు: లాప్‌టాప్ మైకు సాకెట్ చాలావరకు మోనోనే, అంటే ఎడమ, కుడి ధ్వనులు విడిగా రావు. లైన్ ఇన్ (డెక్కు, ఆంప్లిఫయర్ వంటి వాటి ధ్వనిని తీసుకునే సాకెట్) ఉన్న యూఎస్‌బీ ఆడియో పరికరం తీసుకోండి. ధ్వనిని కుదించకుండా ఉంచే 24 బిట్ వావ్ ఫైలుగా దాచండి. ముందు డెక్కు హెడ్డును (టేపును చదివే భాగాన్ని) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, దయచేసి ఇది మాత్రం మానవద్దు.

ప్రశ్న అడిగినవారు: సాకెట్లు కనిపించాయి! డెక్కునే నేరుగా ఆ యూఎస్‌బీ పరికరానికి కలిపితే?

జవాబు: ఇంకా మేలు. గ్రామఫోన్ రికార్డులకైతే, వాటి బలహీనమైన ధ్వనిని పెంచే ఫోనో విభాగం ఆంప్లిఫయర్‌లోది కావాలి.