కుట్లు మానాయి, తమ్ముడు మాత్రం మామూలు మనిషి కాలేదు. ఎవరిని అడగాలి?

నిద్రపట్టని అక్క:

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. పొడుగైతే ఏమనుకోకండి.

ఏడు వారాల క్రితం మా తమ్ముడి మీద దాడి జరిగింది. వాడికి 26 ఏళ్లు. నైట్ షిఫ్ట్ దిగి నడిచి వస్తుంటే వెనక నుంచి బైక్ మీద ఇద్దరు వచ్చి అడ్డంగా ఆపారు. ఫోన్ అడిగారు, ఇచ్చేశాడు. ఇచ్చాక కూడా వెనక కూర్చున్నవాడు దిగి కత్తితో ఎడమ చేతి మీద ఒకటి, పక్కటెముకల మీద ఒకటి వేసి పోయాడు. మొత్తం 19 కుట్లు. పక్కటెముకల మీదది పైపైనే. చేతిది లోతు. కుట్లన్నీ మానాయి గానీ చిటికెన వేలూ దాని పక్క వేలూ ఇంకా మొద్దుగానే ఉన్నాయంటాడు.

చుట్టాల లెక్కలో కథ అక్కడికి అయిపోయింది. గండం గడిచింది, ఇక ఆ మాట ఎత్తకండి అంటారు. ఎత్తేది మళ్లీ వాళ్లే. వచ్చిన ప్రతివాళ్లూ మొదటి నుంచి చెప్పించుకుని, చివర్లో "అరవలేకపోయావా, పరుగెత్తలేకపోయావా" అంటారు. నిజం చెప్పాలంటే మొదటి రోజు ఆసుపత్రిలో నేనూ అడిగాను. "అరవొచ్చు కదరా" అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, "నోరు పెగల్లేదక్కా. కాళ్లు నావి కానట్టు అయిపోయాయి" అన్నాడు. ఆ తర్వాత దాని గురించి నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు.

రాత్రి తలుపు గడియ పెట్టి, దానికి కుర్చీ ఆనించి పడుకుంటాడు. మళ్లీ లేచి వెళ్లి గడియ లాగి చూస్తాడు. ఒక రాత్రి లెక్కపెట్టాను, పదకొండు సార్లు లేచాడు. రోడ్డు మీద వెనక ఏ బండి స్లో అయినా గోడకు వీపు ఆనించి నిలబడిపోతాడు. ఆ రోజు వేసుకున్న బూట్లు ప్లాస్టిక్ కవర్లో కట్టి మంచం కింద పెట్టాడు. చొక్కా పోలీసులు తీసుకెళ్లారు, వీటిని ఎవరూ అడగలేదు. పారేయడు, కడగడు. ఏమైనా అంటే "బాగానే ఉన్నానక్కా" అంటాడు. డాక్టరు నిద్రమాత్రలు రాశారు, వేసుకున్నా మూడు గంటలకు లేచి కూర్చుంటాడు.

పోలీసులు ఇద్దరిలో ఒకణ్ణి పట్టుకున్నారు. స్టేట్‌మెంట్ కోసం తమ్ముణ్ణి మూడుసార్లు పిలిచారు. మొన్న ఆ దొరికినవాడి తరఫు మనిషి ఒకాయన ఇంటికే వచ్చి, చాలా మర్యాదగా, "కుర్రాడి జీవితం, రాజీకి వస్తారా" అని అడిగి వెళ్లాడు. మా ఇల్లు ఎలా తెలిసిందో తెలియదు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరమూ పడుకోలేదు.

గాయానికి డాక్టరున్నాడు, కేసుకు పోలీసులున్నారు. వీటి మధ్యలో మనిషిని చూసేవాళ్లు ఎవరైనా ఉంటారా? ఉంటే ఎవరిని, ఏమని అడగాలి?

సూటిగోడు:

ప్రాణం దక్కింది, అదే పదివేలు. తమ్ముణ్ణి కరాటేలో చేర్పించండి, ధైర్యం వస్తుంది. ఇంట్లో అందరూ చుట్టూ మూగితే ఇంకా మెత్తబడిపోతాడు.

ఎమర్జెన్సీ సిస్టర్:

కరాటే సంగతి తర్వాత. ముందు ఆ వేళ్లు.

ఎమర్జెన్సీ వార్డులో 14 ఏళ్లుగా నర్సుగా ఉన్నాను. చర్మం మానడం వేరు, నరం మానడం వేరు. చిటికెన వేలికీ దాని పక్క వేలికీ స్పర్శ ఇచ్చేది అల్నార్ నరం. కత్తి గాయం తర్వాత ఏడు వారాలైనా మొద్దుగా ఉందంటే, ఆ నరం తెగిందా లేక దెబ్బతిని కోలుకుంటోందా అని చేతి సర్జన్ చూసి తేల్చాలి. నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. తెగిందైతే కుట్టడం ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుంది. ఈ వారమే వెళ్లండి.

ఇక అరవలేకపోవడం. మీ తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం, దానికి మనకు పాతకాలం నుంచే మాట ఉంది: కొయ్యబారిపోవడం. ప్రాణభయంలో ఒంటికి పారిపోవడం, తిరగబడడం రెండే దారులు కావు, ఇది మూడోది. తను ఎంచుకుంటే వచ్చేది కాదు. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల అత్యవసర క్లినిక్‌కి వచ్చిన 298 మంది మహిళలను అడిగి చూస్తే, 70 శాతం మంది ఆ సమయంలో గణనీయంగా ఇలాగే బిగుసుకుపోయామని చెప్పారు. 2017లో అచ్చయిన అధ్యయనం అది. అలా అయినవాళ్లలోనే తర్వాత పీటీఎస్‌డీ, డిప్రెషన్ ఎక్కువగా కనిపించాయి. పీటీఎస్‌డీ అంటే ప్రాణభయం లాంటి ఘటన తర్వాత ఎంతకీ వదలకుండా వేధించే మానసిక సమస్య. వేరే రకం నేరం, నిజమే, కానీ ఒళ్లు ఒళ్లే. కరాటే బెల్టు ఉన్నవాడూ బిగుసుకుపోతాడు. మీరు ఈ మాట మీ తమ్ముడికి చెప్పండి. "నేను ఆ రోజు తప్పు అడిగాను" అని కూడా చెప్పండి. దానికి ఏ కౌన్సెలర్ అపాయింట్‌మెంటూ అక్కర్లేదు.

దాడి జరిగిన మొదటి కొన్ని వారాలు నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడడం చాలామందికి ఉంటాయి, చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గకుండా పనికీ బయట తిరగడానికీ అడ్డం పడుతుంటే పీటీఎస్‌డీ ఉందేమో నిపుణులు చూడాలి. మీరు ఏడో వారంలో ఉన్నారు. సైకాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు "ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ గానీ, ఈఎండీఆర్ గానీ చేస్తారా" అని అడగండి. ట్రామా అంటే ఆ ఘటన మనసుకు చేసిన గాయం. సీబీటీ అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స, ఈఎండీఆర్ అంటే ఆ జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్లు అటూ ఇటూ కదిలించే చికిత్స. పెద్దవాళ్లలో పీటీఎస్‌డీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసినవాటిలో ఈ రెండూ ఉన్నాయి. అదే మార్గదర్శకాల్లో, ఇలాంటి ఘటన జరిగిన మొదటి నెలలో నిద్ర కోసం బెంజోడయాజెపైన్ రకం మత్తు మాత్రలు ఇవ్వొద్దని కూడా ఉంది. ఇప్పుడు వేసుకుంటున్నవి ఆ రకమే అయితే ఉన్నట్టుండి ఆపేయకండి, రాసిన డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించాలి.

వచ్చినవాళ్లందరికీ మళ్లీ మళ్లీ చెప్పించడం మాత్రం ఆపండి. అలా కక్కించేస్తే బరువు దిగుతుందని ఒకప్పుడు మా ఆసుపత్రుల్లోనూ అనుకునేవాళ్లం. ఘటన జరగగానే ఒక్క సిట్టింగ్‌లో మొత్తం చెప్పించడం వల్ల పీటీఎస్‌డీ ఆగదని తర్వాత పరిశోధనల్లో తేలింది. తనకు తానుగా చెబితే వినండి, తవ్వకండి.

ఇంకొకటి, రాయడానికే కష్టంగా ఉంది. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా ఒకసారి అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కోర్టు మెట్లు:

అక్కా, ఐదేళ్ల క్రితం నన్ను ఇనపరాడ్‌తో కొట్టారు. దవడ రెండు చోట్ల విరిగింది. మీరు అడిగిన "మనిషిని చూసేవాళ్లు" ఉంటారని నాకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. అదీ ఆసుపత్రి కారిడార్‌లో ఎక్స్‌రే కోసం కూర్చుని, చేసేది లేక గోడ మీద కాగితాలన్నీ చదువుతుంటే.

వాటిని విక్టిమ్ సపోర్ట్ అంటారు, బాధితుల సహాయ కేంద్రం అంటారు, ఊరికో పేరు. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. నాలుగు చోట్ల ఒకే ప్రశ్న వేయండి: దర్యాప్తు అధికారిని, ఆసుపత్రిలోని సోషల్ వర్కర్‌ని, ప్రాసిక్యూటర్ ఆఫీసులో, ఉచిత న్యాయసహాయం ఇచ్చేచోట. "నేరబాధితులకు సాయం చేసేవాళ్లు ఎవరు, వాళ్ల నంబరు ఇవ్వండి" అనండి. అడగనివాడికి ఎవరూ చెప్పరు. చెడ్డవాళ్లై కాదు, వాళ్ల పని జాబితాలో అది ఉండదు.

నాకు వాళ్లు చేసింది పైకి చూస్తే చిన్న పనే. విచారణకు వారం ముందు ఖాళీ కోర్టు హాలు చూపించారు. నేనెక్కడ నిలబడాలి, వాడెక్కడ ఉంటాడు, నీళ్లెక్కడ ఉంటాయి. అంతకుముందు వాయిదాకి నేను ఒంటరిగా వెళ్లి బెంచీ మీద కూర్చుంటే, పక్కన కూర్చుని నాతో టైమెంతయిందని అడిగింది నన్ను కొట్టినవాడి తల్లి. రెండోసారి సహాయ కేంద్రం వాళ్లు నన్ను వేరే గదిలో కూర్చోబెట్టమని ముందే అడిగి పెట్టారు. అడిగితే ఇస్తారని నాకేం తెలుసు?

రాజీ మనిషి విషయం తేలిగ్గా తీసుకోకండి. మర్యాదగా వచ్చినా సరే. ఏ రోజు, ఎన్నింటికి, ఏమన్నాడు, ఇంకెవరు విన్నారు, అన్నీ ఇప్పుడే రాసిపెట్టి దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, ఒక కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. రక్షణ కావాలని అందులోనే అడగండి. మళ్లీ వస్తే తలుపు తీయకండి, వాదన పెట్టుకోకండి.

స్టేట్‌మెంట్లలో చిన్న తేడాలు వస్తున్నాయేమోనని తమ్ముడు భయపడుతుండొచ్చు. నేను భయపడ్డాను. ఇలాంటి జ్ఞాపకం ముక్కలు ముక్కలుగా ఉంటుంది, కత్తి గుర్తుంటుంది, మొహం గుర్తుండదు. గుర్తులేనిది గుర్తులేదని చెప్పడమే మంచిది. ఖాళీలు ఊహతో నింపితే అవే కోర్టులో మెడకు చుట్టుకుంటాయి.

బూట్ల సంగతి అధికారికి చెప్పండి. రక్తం ఉంటే సాక్ష్యం కావచ్చు. ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి బూజు వస్తుంది, కాగితం సంచిలో ఉండాలి. అయితే మీరు ముట్టుకుని మార్చకండి, వాళ్లనే చూడనివ్వండి.

నష్టపరిహారం. ఇది కొట్టినవాడి జేబులోంచి రావాల్సిన పని లేదు, ప్రభుత్వం ఇచ్చే పథకాలు చాలా దేశాల్లో ఉన్నాయి. న్యూజిలాండ్ 1963లోనే చట్టం చేసింది, మరుసటి ఏడు బ్రిటన్ మొదలుపెట్టింది. రెండోవాడు దొరకలేదు కాబట్టి ఏమీ రాదనుకోకండి. 1985 నవంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన ప్రకటనలో, నేరం చేసినవాడు దొరికినా దొరక్కపోయినా, శిక్ష పడినా పడకపోయినా బాధితుడు బాధితుడేనని ఉంది. అది చట్టం కాదు, ప్రకటనే. కానీ చాలా పథకాలు ఆ మాట మీదే నడుస్తాయి. అదే ప్రకటనలో దగ్గరి కుటుంబసభ్యులనూ బాధితులుగా లెక్కించవచ్చని ఉంది. అంటే మీరు కూడా, అక్కా.

దరఖాస్తుకు గడువు ఉంటుంది, చాలామంది అక్కడే పోగొట్టుకుంటారు. ఈరోజే గడువు కనుక్కోండి. డిశ్చార్జ్ కాగితాలు, మందుల బిల్లులు, ఆటోలకు అయిన ఖర్చు, జీతం కోత పడ్డ రోజులకు ఆఫీసు లెటరు, అన్నీ ఒకే ఫైల్లో పెట్టండి. నా దవడ బిల్లులు సగం మా అమ్మ దేవుడి గూట్లో పెట్టి మర్చిపోయింది. అవి దొరికేసరికి తేదీ దాటిపోయింది.

పేరొద్దు:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. కంప్లైంట్ ఇవ్వనివాళ్లకు ఇవేమీ ఉండవా? నా విషయంలో చేయి చేసుకునేది బయటివాడు కాదు, ఇంట్లో మనిషే. పోయిన వారం మెడ పట్టుకున్నాడు. గుర్తులేమీ పడలేదు.

ఎమర్జెన్సీ సిస్టర్:

అమ్మా, ముందు ఆసుపత్రికి వెళ్లండి, ఈరోజే. మెడ నొక్కితే పైకి ఏ గుర్తూ లేకుండా లోపల రక్తనాళం దెబ్బతినొచ్చు, రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. గొంతు బొంగురు, మింగలేకపోవడం, తలనొప్పి, చూపు మసక ఉంటే అస్సలు ఆగకండి. మెడ నొక్కిన మనిషి ముందు ముందు ప్రాణం తీసే ప్రమాదం ఎక్కువని కూడా మాకు నేర్పిస్తారు, భయపెట్టడానికి అనడం లేదు.

సాయానికి కంప్లైంట్ తప్పనిసరి కాదు. యూరోపియన్ యూనియన్ 2012 నిబంధనల్లో ఆ మాట స్పష్టంగా రాశారు, మిగతా చోట్ల కూడా కౌన్సెలింగ్, ఆశ్రయం ఇచ్చేవాళ్లు కేసు పెట్టావా అని అడగకుండానే మాట్లాడతారు. పోలీసు రికార్డు అడిగేది ఎక్కువగా నష్టపరిహారానికే. అతను చూసే ఫోన్ నుంచి మాత్రం ఎవరికీ చేయకండి. ఇక్కడ కూడా ఆ ఫోన్‌లోంచి రాయకండి.

నిద్రపట్టని అక్క:

మూడు వారాలైంది, ఏమైందో చెప్పకపోతే బాగోదని వచ్చాను.

నరం పరీక్ష చేశారు. పూర్తిగా తెగలేదట, నలిగింది. ఫిజియోథెరపీ మొదలైంది, నెలలు పడుతుందన్నారు. రాజీ మనిషి గురించి కాగితం ఇచ్చాము, సంతకం తీసుకున్నాము. అడగ్గానే ఆ అధికారి కొంచెం విసుక్కున్నాడు గానీ పెట్టాడు. ఆ మనిషి మళ్లీ రాలేదు. బూట్లు తీసుకెళ్లారు. వాటి కోసం తమ్ముడే మంచం కిందికి వంగి కవరు బయటికి లాగాడు, నేను గది బయటే నిలబడ్డాను.

"తప్పు అడిగాన్రా" అన్నాను. "ఎప్పుడు?" అన్నాడు. చెప్పాను. "ఓ, అదా" అని టీవీ వైపు తిరిగాడు. అంతే. కానీ ఆ రాత్రి కుర్చీ పెట్టినప్పుడు నన్ను పిలిచి, గడియ నువ్వు కూడా ఒకసారి చూడు అన్నాడు.

సహాయ కేంద్రం నంబరు చివరికి ఆసుపత్రి సోషల్ వర్కర్ దగ్గర దొరికింది. ముందు అడిగిన రెండు చోట్ల తెలియదన్నారు. మొదటి సిట్టింగ్‌కి తమ్ముడు నన్ను లోపలికి రావద్దన్నాడు, 50 నిమిషాలు బయట కూర్చున్నాను. వచ్చేముందు అక్కడి ఆవిడ నా పేరు కూడా రాసుకుని, వచ్చే గురువారం మీరు విడిగా రండి అంది. నాకేం అవసరం లేదండీ, బాగానే ఉన్నాను అన్నాను. పక్కన మా తమ్ముడు నవ్వాడు.

పరిహారం దరఖాస్తుకు ఆఫీసు వాళ్ల లెటరు ఒక్కటే మిగిలింది. శుక్రవారం ఇస్తామన్నారు. పేరొద్దు గారూ, మీరు ఆసుపత్రికి వెళ్లారా? వీలైతే ఒక్క మాట రాయండి.