నాన్న షష్టిపూర్తికి కెన్యా సఫారీ: 7 రోజుల్లో నాలుగు చోట్లు ఎక్కువా?

వేళచేరి వాసి:
వచ్చే ఆగస్టుకి మా నాన్నకి అరవై నిండుతాయి. హోమాలూ దండలూ తిరుక్కడయూరులో కానిచ్చేసి, తర్వాత ఆయన్ని కెన్యా తీసుకెళ్దామని నేనూ చెల్లీ అనుకున్నాం. చిన్నప్పుడు వండలూరు జూలో, పడుకున్న సింహం లేచేదాకా కదలనని మమ్మల్ని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన మనిషి!

టీనగర్ ఏజెంటు ఒకాయన ఇచ్చిన ప్లాను: అంబోసెలి, నైవాషా, నకురు, మసాయి మారా. మొత్తం 7 రోజులు, అంతా రోడ్డు మీదే. ప్రతి పేజీలో ‘లగ్జరీ’ అని ఉంది, టెంటులో బాత్‌టబ్ కూడానట. అమ్మకి నడుంనొప్పి, పైగా ఉల్లి, వెల్లుల్లి ముట్టదు. డబ్బుకి వెనకాడటం లేదు. పెట్టేదేదో దేనిమీద పెట్టాలో చెప్పండి.

పెరంబూరు పిన్ని:
బాబూ, బాత్‌టబ్బుని వదిలెయ్, మీ అమ్మ నడుం చూడు. మేం మా అత్తగారితో అచ్చం ఇలాంటి ప్లానుతోనే వెళ్లాం. మారా చేరేసరికి ఆవిడ జీపు దిగి, “ఇక సింహాన్నే ఇక్కడికి రమ్మనవే” అంది.

నైవాషా, నకురు తీసిపారేయ్. నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్టు నుంచి మారాకి చిన్న విమానాలున్నాయి, గంటలోపే దింపేస్తాయి. అంబోసెలిలో 2 రాత్రులు (కిలిమంజారో పొద్దున్నే కనిపిస్తుంది, ఎండెక్కితే మబ్బులో దాక్కుంటుంది), మారాలో 4. మిగిలిన డబ్బుతో మీ నలుగురికే విడిగా ఒక జీపు మాట్లాడుకో. వేరేవాళ్లతో కలిసి ఎక్కితే, మీ నాన్న ఉందామన్నప్పుడు వాళ్లు పోదామంటారు. మేం ఒక చీతా కోసం గంటన్నర కూర్చున్నాం. చెదపుట్టెక్కి ఎటో చూస్తోంది, తోక కొస ఒక్కటే కదులుతోంది. అంత నిశ్శబ్దంలో మా అత్తగారు డబ్బా తీసి చేగోడీ కొరికింది. డ్రైవరు తిరిగి చూశాడు. చీతా కూడా చూసింది.

బస మసాయి మారా రిజర్వు (జంతువుల అభయారణ్యం) లోపల కాదు, దాన్ని ఆనుకుని ఉన్న కన్సర్వెన్సీలో చూసుకో. నబోయిషో, మారా నార్త్ అలాంటివే. అది అక్కడి మసాయి తెగ కుటుంబాల భూమి, క్యాంపులవాళ్లు వాళ్లకి అద్దె కడతారు. ఒక్క జంతువు చుట్టూ జీపులన్నీ మూగనివ్వరు. బాట దిగి గడ్డిలోకి పోవచ్చు, రాత్రిపూట కూడా తిరగొచ్చు. రిజర్వులో ఈ రెండూ కుదరవు. కానీ విల్డబీస్ట్‌లు (ఆవుల్లా ఉండే పెద్ద జింకలు) మారా నది దాటేది చూడాలంటే ఒకరోజు రిజర్వులోకి పోవాల్సిందే. దానికి ఫీజు జూలై నుంచి డిసెంబరు దాకా మనిషికి రోజుకి 200 డాలర్లు, జనవరి నుంచి జూన్ దాకా అయితే 100. ప్యాకేజీలో కలిపారో లేదో రాతపూర్వకంగా అడుగు. ఇంతా కట్టాక అవి దాటతాయనేం లేదు సుమా. మేం వెళ్లినప్పుడు ఒడ్డుదాకా వేలకొద్దీ వచ్చి, ముందున్నదానికి ఏం తోచిందో ఏమో, మొత్తం వెనక్కి తిరిగిపోయాయి.

చిన్న విమానంలో చేతిసంచీతో కలిపి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగు అయితేనే. ఆవకాయ సీసా కూడా తూకంలోకే వస్తుంది. కెన్యాలో ప్లాస్టిక్ సంచులు 2017 నుంచి నిషేధం, పొడులు స్టీలు డబ్బాల్లో పెట్టుకో. ఉల్లి, వెల్లుల్లి సంగతి క్యాంపుకి ముందే రాసిపెట్టు. చపాతీని అక్కడ వాళ్లూ చపాతీ అనే అంటారు, మీ అమ్మ పస్తుండదు.

అన్నానగర్ అల్లుడు:
పిన్నిగారు ఎల్లో ఫీవర్ టీకా మర్చిపోయారు. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఆ టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపుపచ్చ కార్డు అడుగుతారు. లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న 10 రోజులకి గానీ కార్డు చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం చెల్లుతుంది. గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు, పాస్‌పోర్టు పట్టుకెళ్లండి. అయితే ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. అరవై వచ్చినవాళ్లకి మొదటిసారి వేసేటప్పుడు దుష్ప్రభావాల ప్రమాదం కాస్త ఎక్కువ. అందుకని టికెట్లు కొనకముందే నాన్నగారిని డాక్టరుకి చూపించండి. మలేరియా మాత్రలు కూడా అప్పుడే రాయించుకోండి.

వేళచేరి వాసి:
చాలా థాంక్సండీ. డాక్టరు అపాయింట్‌మెంటు శనివారానికి తీసుకున్నా. నకురు కొట్టేశానంటే ఏజెంటు మొహం మాడ్చుకున్నాడు. పిన్నిగారూ, ఆఫ్రికా కదా, అన్నీ కాటన్ బట్టలే సర్దమంటారా?

పెరంబూరు పిన్ని:
అయ్యో, మనకి ఆఫ్రికా అంటే ఎండే గుర్తొస్తుంది! మారా ఉన్నది సుమారు 1,500 మీటర్ల ఎత్తున. ఆగస్టులో తెల్లవారుజామున తెరిచిన జీపులో పళ్లు టకటకమంటాయి. ఊటీకి కొన్న స్వెటర్లు తియ్యి. రాత్రి దుప్పటి లోపల వేడినీళ్ల సంచీ పెడతారు, అమ్మకి ముందే చెప్పు. మా అత్తగారికి ఎవరూ చెప్పలేదు. కాలికి వెచ్చగా, మెత్తగా ఏదో తగిలేసరికి కెవ్వుమంది. కాపలా ఉన్న మసాయి అబ్బాయి ఈటె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.