అప్‌డేట్: మీరు సూచించిన పుస్తకాలు చదివాక

నవలలే చదివే నేను ఇతర ప్రక్రియల్లో ఏవి చదవాలో చెప్పమని ఆ మధ్య అడిగాను. యాత్రా రచన, కథలు, మనోవిశ్లేషణ నవల మీరు సూచించారు, మూడూ పూర్తిచేశాను.

నన్ను అన్నిటికంటే కదిలించింది ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఆయన, దారిలోని మజిలీలను, బాటలను, నీటి వసతిని, అంగళ్లను ఎంత ఓపికగా నమోదుచేశారంటే, కడపలో పుట్టి పెరిగిన నాకు మా ఊరి మీదుగా అహోబిలం, శ్రీశైలం వైపు సాగిన ఆ ప్రయాణం పరిచయమైన నేలనే కొత్తగా చూపించింది. భక్తితో బయలుదేరిన మనిషి లోకవ్యవహారాన్ని ఇంత శ్రద్ధగా గమనించడమే ఈ గ్రంథానికి ప్రాణమని నా అభిప్రాయం. భాష పాతదే అయినా, కొన్ని పుటలు దాటితే అలవాటవుతుంది.

కేతు విశ్వనాథరెడ్డి కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిందని తెలుసు గానీ, కరవును, ఊరి రాజకీయాలను ఆయన గొంతు పెంచకుండా చెప్పే తీరు చదివితేనే తెలుస్తుంది. మా జిల్లా పిల్లలు ఇవి తప్పక చదవాలి.

గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ గొప్ప నవలే. అయితే సీతారామారావు పతనాన్ని వరుసగా చదవడం భారమనిపించి, మధ్యలో విరామం తీసుకున్నాను.

సూచించిన అందరికీ కృతజ్ఞతలు. ఇక ఆత్మకథలు మొదలుపెడతాను. రాయలసీమ వారివి తెలిస్తే చెప్పగలరు.