ఏరియేటర్ గేర్‌బాక్స్ టెస్ట్: ఎంటీబీఎఫ్ 333 అని రాయాలా?

ప్రశ్న (నెల్లూరు)
రొయ్యల చెరువుల ఏరియేటర్ (నీటికి గాలి కలిపే మెషీన్), 2 హెచ్‌పీ, కొత్త గేర్‌బాక్స్. ఇందుకూరుపేట వైపు ఒక ఉప్పునీటి చెరువులో 4 యూనిట్లు నడుస్తున్నాయి. నాలుగింటి గంటలూ కలిపి 2000. ఫెయిల్యూర్లు 40, 110, 260, 480, 900, 1500 దగ్గర. ఆయిల్ సీల్, బేరింగ్, షాఫ్ట్... ఏది పోయినా సరిచేసి, అదే మార్పు నాలుగింటికీ చేశాం. ఎంటీబీఎఫ్ (ఫెయిల్యూర్‌కీ ఫెయిల్యూర్‌కీ మధ్య సగటు గంటలు) 2000/6 = 333 అంటే డిజైన్ బాగుపడినట్టు కనపడట్లేదు. మధ్య గ్యాప్‌లకి వైబుల్ (ఫెయిల్యూర్ కాలాలకి వాడే గణాంక పంపిణీ) వేసినా ఏమీ తేలలేదు.

జవాబు 1
వైబుల్‌కి గ్యాప్‌ల వరస పట్టదన్నా. 40, 70, 150, 220, 420, 600ని ఎలా కలగాపులగం చేసినా అదే జవాబు. మీకు కావాల్సింది ఆ వరసే. క్రో-ఆమ్సా (సరిచేస్తూ పోయేకొద్దీ ఫెయిల్యూర్లు తగ్గుతున్నాయా అని చూసే పద్ధతి) వాడండి, 1960ల్లో డ్యూయేన్ గీసిన లాగ్-లాగ్ గీతకి 1970ల్లో క్రో ఇచ్చిన గణాంక రూపం అది.

ప్రతి ఫెయిల్యూర్‌కీ ln(2000/గంట), అంటే సహజ లాగరిథం, తీసి కూడండి: 11.37. బీటా = 6/11.37 = 0.53; ఇది 1 కంటే తక్కువైతే ఫెయిల్యూర్లు తగ్గుతున్నట్టు. ఇప్పటి ఎంటీబీఎఫ్ = 333/0.53, దాదాపు 630 గంటలు. 333 అనేది మొదటి రోజు నుంచి సగటు, పాత తప్పుల్ని మోస్తూనే ఉంటుంది. ఆరే ఫెయిల్యూర్లు కాబట్టి బీటాకి 90% హద్దులు 0.23 నుంచి 0.92. 1 లోపే ఉంది, ఎదుగుదల నిజమే. 630ని మాత్రం గట్టిగా పట్టుకోవద్దు.

జవాబు 2 (ఒంగోలు)
లెక్క సరే, గంటలు ఎక్కడివి? కరెంటు పోయిన టైము కలిపితే అంతా తప్పు. అవర్ మీటర్ రీడింగే తీసుకోండి. లో వోల్టేజీకి కాలిన మోటార్లు గేర్‌బాక్స్ ఖాతాలో వేయొద్దు, విడిగా రాయండి.

ఇంకోటి, మన వైపు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు. చెరువులో ఉప్పు పలచబడితే సీలు, బేరింగ్ ఎక్కువ కాలం ఆగొచ్చు. డిజైన్ మారకపోయినా బీటా తగ్గుతుంది! ఫెయిల్యూర్ పక్కనే ఆ రోజు సెలైనిటీ (నీటిలో ఉప్పు ఎంతో) రాసి పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు
గంటలు మీటర్‌వే. సెలైనిటీ రాయలేదు. కొనేవాళ్లు 600 గంటలు రుజువు చేయమంటున్నారు.

జవాబు 1
అయితే ఇక మార్పులు ఆపండి. 90% నమ్మకంతో 600 చూపాలంటే ఒక్క ఫెయిల్యూర్ కూడా లేకుండా 2.3 × 600 = 1380 గంటలు. నాలుగు యూనిట్లకి తలా 345, ఆపకుండా తిప్పితే పదిహేను రోజుల్లోపే. ఒకటి పడితే మొత్తం 2335 దాకా నడపాలి. ఒకటి పడినా ఒప్పుకుంటారా లేదా అన్నది మొదలెట్టకముందే కాగితం మీద రాయించుకోండి. ఇది వేసవిలో, ఉప్పు బాగా ఎక్కినప్పుడే పెట్టండి.